మిక్సీ చప్పుడు

ఇంకా పూర్తిగా తెల్లారకముందే వంటింట్లో మిక్సీ గుర్రుమంది. వరండాలో బూట్ల లేసులు కట్టుకుంటున్న ఫోర్‌మన్ తల కూడా ఎత్తలేదు. భార్య రోజూ పొద్దున్నే ఏదో ఒకటి రుబ్బుతుంది. రుబ్బుకోనీ. వంటింటి సంగతుల్లో వేలుపెట్టే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.

బొగ్గు కరెంటు ప్లాంటులో బాయిలర్ దగ్గరే ఆయనకు జుట్టు నెరిసింది. మిషన్‌కు చెవి ఆనిస్తే చాలు, లోపల ఏది అరిగిందో ఇట్టే చెప్పేస్తాడని పేరు. క్వార్టర్స్‌లో అందరూ ఆయన్ని 'చెవి మామయ్య' అంటారు. ఎదుటపడి కాదులెండి, చాటుగానే.

ఆ ప్లాంటును మూసేయాలా, ఇంకొన్నాళ్లు నడపాలా అన్నది తేల్చడానికి ఆ రోజు క్యాంటీన్ హాల్లో సభ పెట్టారు. వెంటనే మూసేయమని విద్యుత్ శాఖలో సిఫారసు చేసింది ఎవరో కాదు, అక్కడ అధికారిగా ఉన్న ఆయన కన్నకూతురే. సభ కోసం నిన్న సాయంత్రమే వచ్చి ఇంట్లో దిగింది. వచ్చినప్పటి నుంచి ఆయన ఆమెను పలకరించలేదు.

"నాన్నా, ఒక్క మాట వింటారా?" అంటూ కూతురు వరండాలోకి వచ్చింది.

"సభలో వింటాలే, అందరితోపాటు."

"ప్లాంటు ముసలిదైపోయింది నాన్నా. తినే బొగ్గు ఎక్కువ, ఇచ్చే కరెంటు తక్కువ. ఆ ఖర్చంతా జనం బిల్లుల మీదే పడుతోంది. చార్జీలు భరించలేక మిల్లులు ఒక్కొక్కటే తరలిపోతున్నాయి. అక్కడ పనిచేసేవాళ్ల కూడు పోవట్లేదా?"

"వాళ్లది కూడు, మాది గడ్డా?" లేసు ముడి చేతిలోనే ఆగిపోయింది. "ప్లాంటు గేటు ముందు టైలరు, సైకిల్ షాపువాడు, క్యాంటీన్లో గిన్నెలు తోమే ఆవిడ, వీళ్లంతా నీ లెక్కలో ఎక్కడున్నారు? నువ్వు చదువుకున్న దీపం ఈ ప్లాంటు వెలిగించిందే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనమ్మా."

కూతురి ముఖం పాలిపోయింది. "మరి పొగ సంగతేంటి? ఫోన్లో మాట్లాడుతుంటే అమ్మ..."

"మధ్యలో అమ్మనెందుకు లాగుతావు? ఆవిడకేం, నిక్షేపంలా ఉంది. కావాలంటే అడుగు." ఆయన గొంతు పెంచాడు. "ఏమే, ఈ పొగ నిన్నేం చేసిందో చెప్పు."

వంటింట్లో మిక్సీ మరింత జోరుగా తిరిగింది.

అంతలో కరెంటు పోయింది. ప్లాంటులో ఉన్న యూనిట్లలో ముసలిది మళ్లీ మొరాయించినట్టుంది. ఫ్యాను ఆగింది, మిక్సీ ఆగింది. ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి దగ్గు వినిపించింది. గుండెల్లో ఎక్కడో మొదలై, ఊపిరి అందక తెగిపోయి, మళ్లీ మొదలయ్యే దగ్గు.

ఫోర్‌మన్ ఒంటి బూటుతోనే లోపలికి పరుగెత్తాడు. భార్య ఒక చేత్తో గట్టు పట్టుకుని, చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయి ఉంది. ఆయన మిక్సీ మూత తీశాడు. జార్ ఖాళీగా ఉంది. తడి కూడా లేదు.

"ఇందులో ఏమీ లేదేంటే?"

ఆవిడ ఊపిరి కూడదీసుకుంది. "మీకు వినపడకూడదని వేస్తానండీ."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏమో, ఎవరు లెక్కపెట్టారు? ఆ ప్లాంటంటే మీకు ప్రాణం. దాని వల్లే నాకిలా ఉందని తెలిస్తే మీకు అన్నం సహిస్తుందా?"

రుబ్బే మిక్సీ ఒకలా మోగుతుంది, ఖాళీ మిక్సీ ఇంకోలా. పసివాడికి కూడా తెలిసే తేడా అది. ప్లాంటు మిషన్ల రోగం కనిపెట్టిన చెవికి ఇంట్లో మనిషి రోగం తెలియలేదు. ఆయనకు సిగ్గేసింది, దుఃఖం ముంచుకొచ్చింది. భార్యను పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చోబెట్టాడు.

గుమ్మంలో నిలబడి కూతురు ఏడుస్తోంది. తల్లి ఆమె వైపు తిరిగింది.

"నువ్వు ఏడవకు. మీ నాన్న అడిగినదానికి జవాబు చెప్పు. పొగ ఆగితే నా ఊపిరి నిలబడుతుందేమో, నిజమే. గేటు ముందువాళ్ల పొయ్యి ఎలా వెలుగుతుంది?"

కూతురు తల దించుకుంది. "అది నేను ఆలోచించలేదమ్మా. 'వెంటనే' అన్న మాట రాసేటప్పుడు వీళ్లెవరూ నా కళ్లముందు లేరు. ఈ ఇంట్లో పెరిగి కూడా."

ఫోర్‌మన్ కూతురి వైపు తిరిగాడు. "ముసలి యూనిట్‌ను ముందు ఆపేయమని సభలో నేనే చెప్తాను. నలుగురూ తిట్టినా సరే. కానీ మావాళ్లకు కొత్త చోట పని చూపించాకే మిగతావి ఆపాలి. ఆ మాట నువ్వు చెప్పాలి."

"చెప్తాను నాన్నా. మీ పక్కన నిలబడే చెప్తాను."

ఆయన గుమ్మం దాకా వెళ్లి కూతురి తల నిమిరాడు. నిన్నటి నుంచి మొదటిసారి.

కరెంటు వచ్చింది. స్విచ్ వేసే ఉండటంతో ఖాళీ మిక్సీ మళ్లీ గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది. ఆయన వెళ్లి దాన్ని ఆపి, ప్లగ్గు కూడా పీకేశాడు. వచ్చి భార్య పక్కన చతికిలబడ్డాడు.

"ఇక దగ్గొస్తే దగ్గవే," అన్నాడు. "నేను వింటాను."

ఆవిడ దగ్గింది. ఆయన ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, ఆగేదాకా విన్నాడు.