నాలుగో నంబరు డబ్బా

డిసెంబరు మొదటి శనివారం. మలంచా రోడ్డు మీద ఆటోల రొద మొదలయ్యే వేళకి సూసన్న రెండు టీ గ్లాసులు పట్టుకుని వెనక గదిలోకి వచ్చింది. అక్కడ రెండేళ్ళుగా చూస్తున్నదే మళ్ళీ చూసింది. భర్త జ్ఞానప్రకాశం ముక్కాలి పీట మీద వంగి కూర్చుని, ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో భూతద్దం పట్టుకుని, చెక్క స్టాండులో వరసగా ఉన్న ఆరు ప్లాస్టిక్ డబ్బాల్లోకి ఒక్కొక్కటిగా తొంగి చూస్తున్నాడు. ఒక్కో డబ్బాలో గుప్పెడు తడిమట్టి, ఆ మట్టిలో ఒక్కో టరాంటులా పిల్ల.

టరాంటులా అంటే బొచ్చు సాలీడు. ఎదిగితే అరచేయంత అవుతుందట. అట అనే అనుకోవాలి మరి, రెండేళ్ళ కిందట మినపగింజంత ఉన్నవి ఇప్పటికి రూపాయి బిళ్ళంత అయ్యాయి, అదీ కాళ్ళు బారజాపుకుంటే. మేడ మీద అద్దెకున్న సాయికుమార్ అనే చదువుకునే కుర్రాడు, ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ, పదిహేను రోజులు చూడమని ఎలా పెంచాలో రాసిన కాగితాలతో సహా అప్పగించి వెళ్ళాడు. పదిహేను రోజులయ్యాక ఎవరో స్నేహితుడు వచ్చి తీసుకెళతాడని ఫోను చేస్తే, ఈయనగారు అక్కర్లేదు, ఇక్కడికి అలవాటు పడిపోయాయి అన్నాడు. అలవాటు పడింది ఎవరో సూసన్నకి అప్పుడే అర్థమైంది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు నిమ్‌పురా రైల్వే యార్డులో వాగన్లు పరీక్ష చేసిన మనిషి. టార్చి, సుత్తి పట్టుకుని బండి పొడవునా నడిచి, చక్రం కొట్టి చప్పుడు వినడమే ఆయన పని. రిటైరై ఎనిమిదేళ్ళయినా ఆ బుద్ధి పోలేదు. ప్రతి డబ్బా మీదా తెల్ల పెయింటుతో నంబరు, దాని కింద ఆఖరుసారి తిన్న తేదీ, ఆఖరుసారి చర్మం విడిచిన తేదీ.

"సోమవారం సున్నం మిస్త్రీ వస్తన్నాడు. గుర్తుందా?" అంది సూసన్న.

"ఉంది."

"ఏబెల్ ఏటన్నాడో అది గూడా గుర్తుందా?"

"నాలుగో నంబరు రెండు నెలల్నించి ఏటీ తిననేదు, సూసన్నా."

"నేనేటడిగినాను, మీరేటి సెప్తన్నారు?"

ఆయన టీ అందుకుని ఊదుకుంటూ తాగాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది, మనిషి పోట్లాడడు, పట్టు వదలడు.

కొడుకు ఏబెల్ రాత్రి భోజనాల దగ్గర తేల్చి చెప్పేశాడు. కోడలు తబితకి ఎనిమిదో నెల. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు ఇక్కడే పోయాలి. పసిబిడ్డ తిరిగే ఇంట్లో ఈ పురుగులు ఉండకూడదు, సున్నం రోజుకల్లా తీసెయ్యాలి అన్నాడు. సూసన్న సరేనని మాట ఇచ్చింది. ఇవ్వదూ మరి? క్రిస్మస్ ముందు ఇల్లంతా బూజు దులిపి, సున్నం వేసి, ఆ తరవాత గాని గుమ్మానికి స్టార్ కట్టని వంశం తమది. ఇంటింటా సాలీళ్ళని దులిపే నెలలో వీళ్ళింట్లో మేత పెట్టి పెంచుతున్నారని చర్చిలో ఆడవాళ్ళు పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఈసారి ఏమైనా సరే ఆ స్టాండు బయటికి వెళ్ళాల్సిందే. ఆమె గట్టిగానే అనుకుంది.

టిఫిను తిని జ్ఞానప్రకాశం సైకిలు తీశాడు. నిమ్‌పురాలో పాత జతగాడు లూకా కాలు బెణికి మంచం మీద ఉన్నాడు, చూసి వస్తానన్నాడు. గేటు దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు. "నేనొచ్చేదాకా ఆటిని ముట్టుకోకు."

"ముట్టుకోడానికి అయ్యేటన్నా బంగారు గాజులా?" అంది సూసన్న.

పదకొండు గంటలకి ఆమె నెత్తికి తువ్వాలు చుట్టి, బూజుకర్ర పట్టుకుని వెనక గదిలోకి దిగింది. ముందు స్టాండు జరపాలి. జరపబోతూ ఎందుకో నాలుగో డబ్బాలోకి చూసింది. సాలీడు వెల్లకిలా పడి ఉంది. ఎనిమిది కాళ్ళూ పైకి ముడుచుకుని, కదలకుండా.

పోన్లే ఒకటి తగ్గింది అనుకుంది. అనుకున్నాక ఆ మాట తనకే రుచించలేదు. రెండు నెలలుగా ఆయన తవుడు పురుగుని బ్లేడుతో ముక్క చేసి, పట్టకారుతో దాని నోటి ముందు పెట్టి, తినకపోతే ఆ ముక్క తీసేసి, మర్నాడు మళ్ళీ పెట్టడం ఆమె చూస్తూనే ఉంది. తనకి జ్వరం వచ్చినప్పుడు గంజి గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడ్డట్టే నిలబడేవాడు. సాయంత్రం వచ్చి చూసుకుంటాడు, ఆ మొహం ఎలా చూడను అనుకుంది.

పెరట్లో మురికికాలువ ఉంది. అందులో పారెయ్యడానికి చేతులు రాలేదు. అగ్గిపెట్టె ఖాళీ చేసి, అడుగున తడిపిన దూది పరిచింది. చెంచాతో కింద మట్టితో పాటే సాలీడుని లేపి, ఒలకకుండా అందులోకి దింపింది. పొద్దున్నే నీళ్ళు పోసిన గులాబీ కుండీలో వేలెడు లోతు తవ్వి అగ్గిపెట్టె పెట్టింది. మట్టి కప్పి, ఊరికే అలా వదిలెయ్యలేక, రెండు చీపురు పుల్లలు అడ్డంగా కట్టి గుచ్చింది.

"అత్తయ్యా, ఏటి పాతేస్తన్నారు?" తబిత గుమ్మంలో నిలబడి అడిగింది, ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని.

"నాలుగో నంబరు."

తబిత నవ్వలేదు. వచ్చి అత్తగారి పక్కన నిలబడింది. "ప్రభువా, ఇదీ నువ్వు సేసిందే గదా," అని సూసన్న రెండు ముక్కల్లో ప్రార్థన ముగించింది. ఇద్దరూ ఆమెన్ అనుకున్నారు.

మిగతా అయిదింటినీ ఆమె ముట్టుకోలేదు. బూజుకర్ర గోడకి ఆనించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అయిదింటికి ఏబెల్ డ్యూటీ నుంచి వచ్చాడు. స్టేషన్లో బుకింగు క్లర్కు, రోజంతా జనంతో వాదించి వస్తాడు, ఇంట్లో వాదన పెంచుకోడు. సంగతి విని, "ఠీక్ హై. ఒకటి దానంతటదే పోయింది. మిగతావి రేపు సాయికుమార్ స్నేహితుడికి ఇచ్చేస్తాను, ఫోను చేసినాను," అన్నాడు. అదే సమయానికి గేటు దగ్గర సైకిలు స్టాండు చప్పుడైంది.

"ఏది పోయింది?" జ్ఞానప్రకాశం లోపలికొస్తూనే అడిగాడు.

"నాలుగోది. సచ్చిపోయిందండీ," అంది సూసన్న. "నేనేటీ సెయ్యనేదు. సూసేసరికే పోయి ఉంది."

"ఎలగ ఉంది?"

"ఎలగేటి, వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు పైకెట్టి."

ఆయన మొహంలో రంగు మారింది. "ఎన్ని గంటలకి?"

"పదకొండు."

"ఎక్కడెట్టినావు?"

ఆమె గులాబీ కుండీ వైపు చెయ్యి చూపించింది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి కుండీ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పురుగు చర్మం విడిచేటప్పుడు వెల్లకిలా పడుకుంటుందని, చచ్చినప్పుడు అలా పడదని, అప్పుడు గాలి తగిలినా ప్రమాదమేనని ఆయన రెండేళ్ళలో వందసార్లు చెప్పాడు. సూసన్న వందసార్లూ కూర తరుగుతూ ఊఁ కొట్టింది. ఇన్నాళ్ళూ అవి మట్టి బొరియల్లోనే విడిచేవి, ఆమె చూసిందల్లా ఖాళీ చర్మాలే. ఇప్పుడు బతికున్నదాన్ని పాతిపెట్టానా అనుకుంది.

ఆయన పుల్లల సిలువ తీసి పక్కన పెట్టి, వేళ్ళతో మట్టి తీస్తున్నాడు.

ఏబెల్‌కి అది చూడగానే ఎక్కడో తగిలింది. "నాన్నా, లే. సాలిపురుగు కోసం మట్టిలో మోకాళ్ళెయ్యడమేటి? అరవై ఎనిమిదేళ్ళు నీకు. అది పెద్దదయ్యేసరికి ఇంకో ఆరేళ్ళంట. ఎవరి కోసం ఇదంతా?"

"నా కోసమే."

"మరి మా కోసం ఎప్పుడైనా ఇలగ కూసున్నావా?" ఏబెల్ గొంతు ఒక్కసారి పైకి లేచింది. "భూతద్దం అక్కర్లేదు, ఉత్త కళ్ళతో అయినా సూసినావా నన్ను? ఏటేటా క్రిస్మస్‌కి ప్యాంటు తెచ్చీవాడివి. ఏటేటా నాలుగు వేళ్ళు పొట్టి. చర్చిలో ముందు వరసలో నిలబడి పాట పాడాలి, సీలమండలు కనిపిస్తంటే అందరూ నవ్వీవోళ్ళు. అమ్మకి గూడా సెప్పనేదు."

సూసన్న కొడుకు వైపు తిరిగింది. తను ఊరందరి జాకెట్లూ కుట్టింది. కొడుకు ప్యాంటు పొట్టి అయిందని ప్రతిసారీ చూసింది, పిల్లాడు తొందరగా ఎదుగుతున్నాడని మురిసింది గాని, వాడు లోపల దాచుకున్నది ఇదా?

జ్ఞానప్రకాశం మట్టి తీయడం ఆపాడు. తల ఎత్తలేదు.

"నాకు తెలుసురా. ఎనక బెంచీలోంచి సూసినాను. ఆ ఒక్క పూటే నాకు డ్యూటీ ఉండీది కాదు." వేళ్ళ మట్టి కుండీ అంచుకి తుడిచాడు. "గోల్‌బజార్లో కొట్టువాడు పిల్లాడెంతని అడిగీవాడు. ఇంత అని సెయ్యెత్తి సూపించీవాణ్ణి. నేను వచ్చేసరికి నువ్వు పడుకునుండీవాడివి, నేను లేచేసరికి బడికి పోయీవాడివి. నా సెయ్యి ఎప్పుడూ కిందటేడు ఎత్తులోనే ఉండిపోయీది. నువ్వు ఎప్పుడు పెద్దోడివయినావో నేను సూడనేదు, ఏబెల్."

మలంచా రోడ్డు మీద బస్సు హారను మోగింది.

"ఇవి నెమ్మదిగా ఎదుగుతాయని ఆ సాయికుమార్ సెప్పినాడు. ఏళ్ళు పడతాదన్నాడు. అందుకే ఉంచమన్నాను," అన్నాడు ముసలాయన. "ఒక్కదాన్నయినా ఆఖరిదాకా సూద్దారని."

సూసన్న చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నలభై ఏళ్ళు కాపురం చేసి, ఈ మనిషికి సాలీళ్ళ పిచ్చి పట్టిందని చర్చిలో వాళ్ళతో పాటు తనూ నవ్వింది. అడిగుంటే చెప్పేవాడేమో. అడగలేదు. ఆమె వెళ్ళి కుండీకి అటుపక్క కూర్చుని తనూ మట్టి తీయడం మొదలుపెట్టింది.

అగ్గిపెట్టె దొరికింది. పైకి తీసి, కుదుపు లేకుండా అరుగు మీద పెట్టారు. చీకటి పడుతోంది. తబిత లోపల్నుంచి టార్చి తెచ్చి, వంగలేక నిలబడే వెలుగు పట్టింది. జ్ఞానప్రకాశం గోటితో పెట్టె అర నెమ్మదిగా లాగాడు.

దూది మీద రెండు సాలీళ్ళు ఉన్నాయి.

"రెండున్నాయేటి, మామయ్యా?" అంది తబిత.

"ఒకటి సర్మం." ఆయన వేలితో చూపించాడు. "రెండోది అది."

ఖాళీ చొక్కాలా ముడుచుకున్న నల్లటి తొడుగు పక్కనే, పాలిపోయిన గులాబీ రంగులో, అంతకంటే పెద్దగా, మెత్తగా నాలుగో నంబరు. బోర్లా తిరిగి ఉంది. చూస్తుండగానే ఒక ముందుకాలు కొంచెం జరిపి మళ్ళీ పెట్టింది.

ఏబెల్ ఎప్పుడొచ్చి తండ్రి పక్కన గొంతుక్కూర్చున్నాడో ఎవరూ గమనించలేదు. "అమ్మ కాలవలో పారేసుంటే?" అన్నాడు మెల్లగా.

"పోయీది. తడిమట్టిలో సీకట్లో ఉంది గనక బతికింది. దానికేటి గావాలో మీ యమ్మ అదే సేసింది, తెలీక."

"పారెయ్యకూడదని తెలిసే సేసినాను," అంది సూసన్న ఏడుస్తూనే. లేచి నిలబడి, చేతుల మట్టి దులుపుకుంది. "ఏబెల్, ఇను. నిన్న నీకు మాటిచ్చినాను, ఇయ్యాల ఎనక్కి తీసుకుంటన్నాను. ఇవి ఈ ఇంట్లోంచి ఎల్లవు. బిడ్డకి భయమంటావు, అది నిజమే. మేడ మీద గది ఖాళీగా ఉంది, తాళం ఉంది. అక్కడుంటాయి. మిస్త్రీ దాదాకి నేను సెప్తాను, ఈ యేడు ఆ గదికి సున్నం లేదని."

ఏబెల్ తండ్రి వైపు చూశాడు. "మోకాళ్ళ నొప్పులు నీకు. రోజూ మెట్లెక్కగలవా?"

"ఎక్కుతాను."

"ఆరేళ్ళు?"

"ఆరేళ్ళు. అప్పటికి నీ బిడ్డ ఒకటో క్లాసుకెల్తాది. ఈసారి రెండూ సూస్తాను."

ఏబెల్ ఫోను తీసి, సాయికుమార్ స్నేహితుడితో రావద్దని చెప్పాడు.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే ఏబెల్ బూట్లు విప్పి, చెక్క స్టాండు రెండు చేతులా ఎత్తుకున్నాడు. జ్ఞానప్రకాశం వెనక్కి నడుస్తూ, యార్డులో బండిని వెనక్కి రమ్మన్నట్టు చెయ్యి ఊపుతూ, "రా, రా, అలగే, ఆగు, ఇంకో మెట్టు," అంటూ దారి చూపాడు. పద్దెనిమిది మెట్లకి పావుగంట పట్టింది. కిందనుంచి తబిత నవ్వుతూనే ఉంది. నాలుగో డబ్బా మీద పాత తేదీ చెరిపి, కొత్త తేదీ ఏబెలే రాశాడు, తండ్రి చెప్పినచోట.

దిగి వచ్చాక జ్ఞానప్రకాశం సూసన్న కుట్టుమిషను సొరుగు లాగి వెతకడం మొదలుపెట్టాడు.

"ఏటి గావాలి?"

"టేపు."

టేపు దొరికింది. కొడుకుని గోడకి చేర్చి నిలబడమన్నాడు. "కదలకు," అన్నాడు.

"నాన్నా, ముప్ఫై నాలుగేళ్ళు నాకు. ప్యాంటు షాపులో నేనే వేసి సూసుకుంటాను," అన్నాడు ఏబెల్. అన్నాడే గాని కదల్లేదు.

ముసలాయన టేపు కొస నడుము దగ్గర పట్టుకోమని కొడుకు చేతికిచ్చి, గోడ పట్టుకుని ఒక మోకాలు, తరవాత రెండో మోకాలు కింద ఆనించాడు. మడమ దాకా టేపు లాగి, కళ్ళజోడు పైకి జరిపి, అంకె చూశాడు. నమ్మకం కలక్క మళ్ళీ కొలిచాడు. ఏబెల్ తల పైకెత్తి కప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నలభై ఒకటి," అన్నాడు జ్ఞానప్రకాశం. "రాసుకో, సూసన్నా."

సూసన్న పెన్సిలు పట్టుకుని కూర్చుంది. కాగితం మీద గీతలు కనిపించడం లేదు.

"రాసినావా?"

"ఉండండి, రాస్తన్నాను," అంది.