సైలెన్సర్ మీది నీలం

"ఈ గీత రేపు సాయంత్రానికి మాయమైపోవాలి. అసలు పడిందన్న సంగతే ఎవరికీ తెలియకూడదు."

సన్నటి వానలో బండిని తోసుకొచ్చి షాపు రేకు కిందికి చేరగానే ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. పలకరింపు లేదు, బేరం లేదు. కళ్లజోడు తీసి, బ్యాగులోంచి మెత్తటి గుడ్డ తీసి నాలుగు మడతలు వేసి, అద్దాల మీది చుక్కలు తుడుచుకుంది. గుడ్డని నాలుగు మడతలు వేసేవాళ్ళంటే షాపతనికి మొదటి నుంచీ గౌరవం. ఒక వైపు మురికైతే ఇంకో వైపు తిప్పుకోవచ్చు.

షాపు బోర్డు మీద 'తళతళ' అని ఉంటుంది. బండ్లు కడిగి పాలిష్ పెట్టడం అతని పని. బోర్డు పేరే మనిషికీ అంటుకుపోయి, వీధిలో అందరూ అతన్ని తళతళ అనే పిలుస్తారు. అతని సొంత బండి మీద మాత్రం వేలితో ఉత్తరం రాసుకునేంత దుమ్ముంటుంది.

తళతళ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. పాతదే అయినా పదిలంగా ఉంచుకున్న బండి. ఎర్రటి ట్యాంకు, పొడవాటి క్రోమ్ సైలెన్సరు. ట్యాంకుకి కుడి పక్క అరచేతి పొడవున గీత.

"ఎలా పడిందండీ?"

"నేనేం పడెయ్యలేదు. స్టాండు వేసి ఉంటే పిల్లి దూకింది. పడిపోయింది."

అతను వంగి, సైలెన్సరు మీద కరిగి అతుక్కుపోయిన నల్లటి ముద్దని చూశాడు. తర్వాత ఆమె కుడికాలి చెప్పు చూశాడు. దాని అంచు కరిగి వంకరపోయి ఉంది.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని విన్నాను గానీ, చెప్పులేసుకుని బండి నడుపుతుందని ఇప్పుడే తెలిసింది."

ఆమె కాలు వెనక్కి లాక్కుంది. "మీ పని పాలిషా, పోలీసా?"

"రెండిట్లోనూ రుద్దడమే కదండీ."

నవ్వకూడదని ఆమె గట్టిగానే అనుకుంది. నవ్వొచ్చేసింది. నవ్వొచ్చాక అబద్ధం నిలబడదు కాబట్టి నిజం చెప్పేసింది. బండి వాళ్ళ నాన్నది. ఆయన, అమ్మ కలిసి అక్క వాళ్ళింటికి వెళ్ళారు, రేపు సాయంత్రం వస్తారు. బండి నేర్పమని ఆమె ఎన్నిసార్లు అడిగినా, "నీకు స్కూటర్ చాలమ్మా" అని ఆయన తాళం జేబులో వేసుకునేవారు. ఈసారి జేబు ఊరెళ్ళింది, తాళం మేకుకి వేలాడుతోంది.

"వెనక ఖాళీ రోడ్డులో నేర్చుకున్నాను. బాగానే వచ్చేసింది. మలుపు దగ్గరే కాస్త..."

"మలుపులో పడిందా?"

"మలుపు బాగానే ఉంది. నేనే తిరగలేదు." ఆమె ట్యాంకు మీద చెయ్యి వేసింది. "నాకిది నడపడమంటే చాలా ఇష్టమండీ. నాన్నకి తెలిస్తే ఆ తాళం ఇంక జన్మలో నా చేతికి రాదు."

తళతళ గీత మీద గోరుతో మెల్లగా గీకాడు. గోరు ఎక్కడా ఆగలేదు. "లోపలికి దిగలేదు. పై పొర మీదే ఉంది. పోతుంది."

ఆమె వదిలిన నిట్టూర్పుకి కళ్లజోడు మళ్ళీ మసకేసింది.

వాన పెద్దదైంది. ఆమె వెళ్ళలేకపోయింది, అతను వెళ్ళమనలేదు. ఇంజన్‌ని కాసేపు నడిపి సైలెన్సరు గోరువెచ్చగా అయ్యాక, మెత్తబడిన రబ్బరు ముద్దని ఐస్‌క్రీం పుల్లతో నెమ్మదిగా లేపాడు. వంటింట్లో వాడే అల్యూమినియం రేకుని ఉండ చుట్టి, నీళ్ళలో ముంచి ఆమె చేతికిచ్చాడు.

"తుప్పు చుక్కల మీద రుద్దండి. క్రోమ్‌కి ఏమీ కాదు."

"నేను కస్టమర్ని."

"అందుకే మెత్తటి పని ఇచ్చాను."

ఆమె రుద్దింది. చుక్కలు పోతుంటే చిన్నపిల్లలా సంబరపడింది. ఈ వీధి చివర కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్ష చేస్తానని, రోజంతా అద్దాలు తుడిచి తుడిచి తనకీ తుడుపు పిచ్చి పట్టిందని చెప్పింది. అతను గీతకి అటూ ఇటూ టేపు అంటించి, గీతలు పోగొట్టే కాంపౌండు అద్దుతూ, ఆమె చూడనప్పుడు ఆమెని చూశాడు. ఆమె కూడా అదే పని చేస్తుండటంతో రెండు మూడుసార్లు చూపులు ఎదురుపడ్డాయి. వాన తగ్గాక ఆమె బండిని అక్కడే వదిలి, కరిగిన చెప్పుతో టకటకా నడిచి వెళ్ళిపోయింది.

ఆమె చెప్పిన పని అప్పటికే అయిపోయింది. కానీ మనసు పారేసుకున్నవాడు చేతులు కట్టుకుని కూర్చోగలడా? ఇంకేదో చెయ్యాలనిపించింది. ట్యాంకు మొత్తం పాలిష్ పెట్టాడు. రిమ్ములు, అద్దాలు తుడిచాడు. ఇంజన్ నుంచి సైలెన్సరు పైపు వంపు తిరిగే చోట ఒక నీలం మరక కనిపిస్తే, దాన్ని కూడా మెటల్ పాలిష్‌తో చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్ది పోగొట్టాడు. ఆ పైపులో తన మొహం చూసుకుని మురిసిపోయాడు కూడా.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చింది. గీత ఉన్న చోట వేళ్ళతో తడిమింది. అతని వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు చూసి అతను ప్రపంచంలోని బండ్లన్నీ ఊరికే తోమడానికి సిద్ధపడ్డాడు. ఆమె కిందికి వంగింది. లేచేసరికి మొహంలో నవ్వు లేదు.

"నీలం ఏది?"

"ఏ నీలం?"

"ఇక్కడ, పైపు వంపు దగ్గర. నీలంగా ఉండి, అంచులో బంగారు రంగు ఉండేది."

"వేడికి క్రోమ్ మీద వచ్చిన మరకండీ అది. తీసేశాను. దానికి విడిగా ఏమీ తీసుకోను."

"మరక కాదు." ఆమె పైపు వంపు మీద వేలు పెట్టింది. "పెళ్ళికి ముందు నాన్న అమ్మని వెనకాల కూర్చోబెట్టుకుని కొండ రోడ్డు ఎక్కారు. ఆ వేడికి వచ్చిన నీలం అది. ఆదివారం బండంతా తుడిచి, అక్కడికి రాగానే గుడ్డ పక్కన పెట్టేస్తారు. దాని మీద మా ఇంట్లో ఎవ్వరం నీళ్ళు కూడా పడనివ్వం."

"నాకు చెప్పలేదు మీరు."

"నేను గీత తియ్యమన్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడగొట్టారు."

బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. తళతళ చేతిలో గుడ్డ వైపు చూశాడు. నాలుగు మడతలూ నల్లగా ఉన్నాయి.

గంట తిరక్కుండా కళ్లజోళ్ల షాపు మెట్లెక్కాడు. ఓనరు ఎదురుగా ఉండటంతో ఆమె అతన్ని పొమ్మనలేక కుర్చీ చూపించింది.

"ఎడమ కన్ను మూసుకోండి. పై లైను చదవండి."

"తప్పయిపోయింది, మన్నించండి."

"అక్కడ అలా లేదు."

"నాకు అలాగే కనిపిస్తోంది."

"రెండో లైను."

"సాయంత్రం మీ ఇంటికొచ్చి మీ నాన్నగారికి నేనే చెప్తాను."

"అక్కర్లేదు. మూడో లైను."

"గ్యాస్ మంట పెడితే పైపుకి మళ్ళీ నీలం వస్తుంది. పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కానీ అది మీ అమ్మానాన్నల నీలం కాదు, దొంగ నీలం. అందుకే చెయ్యలేదు."

ఆమె అద్దం మార్చబోతూ ఆగింది. అతని వైపు సూటిగా, కాసేపు చూసింది. ఓనరు దగ్గాడు.

"చూపు బాగానే ఉంది," అంది. "రంగులే తెలియట్లేదు."

సాయంత్రం అతను వాళ్ళ గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఆటోలోంచి సంచులు దిగుతున్నాయి. నాన్న సంచుల సంగతి వదిలేసి, అలవాటుగా బండి దగ్గరికి నడిచాడు. చుట్టూ చూశాడు. పైపు వంపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చాలాసేపు లేవలేదు.

"ఎవరు తుడిచారిది?" కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది.

"నేనండీ." తళతళ గేటు తోసుకుని లోపలికొచ్చాడు. "పాలిష్ షాపు నాది. మీ అమ్మాయి తియ్యమనలేదు. నా అత్యుత్సాహం."

"ఆయన తప్పేం లేదు నాన్నా," ఆమె అడ్డొచ్చింది. "బండి తీసింది నేను. మలుపు దగ్గర పడేసింది నేను. ఆ గీత పోగొట్టడానికే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను."

"గీతా? ఏ గీత?" నాన్న అయోమయంగా ట్యాంకు మీద వెతికాడు. ఎంత వెతికినా కనిపించలేదు.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదేనే," అమ్మ సంచి దించుతూ అంది. తర్వాత భర్త పక్కకి వచ్చి వంగి పైపు చూసింది. చూసి, నవ్వడం మొదలుపెట్టింది.

"నవ్వుతావేం? మన కొండ రోడ్డు పోయింది," అన్నాడాయన.

"ఏ కొండ రోడ్డండీ? పిల్లలకి చెప్పీ చెప్పీ మీరే నమ్మేసినట్టున్నారు. నేను కొండెక్కింది ఎప్పుడు?" అమ్మ కూతురి వైపు తిరిగింది. "మా ఇంటి కిటికీ కింద బండి ఆపి, పనేదో ఉన్నట్టు ఇంజన్ ఆన్‌లోనే ఉంచి నిలబడేవారు మీ నాన్న. నేను కిటికీ తీసేదాకా కదిలేవారు కాదు. ఒకరోజు నేను కావాలని తియ్యలేదు. గాలి తగలక పైపు ఉడికిపోయి ఆ నీలం వచ్చింది. పెళ్ళికి వంద అబద్ధాలు ఆడొచ్చంటారు, ఈయన ఒక్కదానితో సరిపెట్టారు."

నాన్న చెవులు ట్యాంకు రంగులోకి తిరిగాయి. మాట మార్చడానికి తళతళని పట్టుకున్నాడు. "ఏం బాబూ, తీశావు సరే. మళ్ళీ తెప్పించగలవా?"

"పాలిష్‌తో రాదండీ. ఎవరో ఒకరు ఇంజన్ ఆపకుండా నిలబడాల్సిందే."

నాన్న మళ్ళీ ట్యాంకు మీద ఆ గీత కోసం వెతికాడు. "మలుపు దగ్గర తగిలిందా నీకు?" అని కూతుర్ని అడిగాడు.

"చెప్పు కరిగింది, అంతే నాన్నా."

ఆయన జేబులో చెయ్యి పెట్టి, తాళం అక్కడ లేదని గుర్తొచ్చి, మేకు మీంచి తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "నీలం నీ వల్ల పోయింది కాబట్టి నువ్వే తెప్పించు. మలుపు దగ్గర మాత్రం రెండో గేరులోకి దించు."

ఆమె తాళాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఎంత ఆపుకున్నా కళ్ళు తడిశాయి, అద్దాలు మసకేశాయి. గుడ్డ కోసం వెతుక్కుంటుంటే తళతళ జేబులోంచి ఒకటి అందించాడు. శుభ్రమైనదే. అమ్మ అది చూసింది, చూడనట్టు సంచులు లోపలికి పట్టుకెళ్ళింది.

మర్నాడు పొద్దున్న మళ్ళీ చినుకులు. తళతళ ఎవరిదో బండికి నురగ పట్టిస్తుంటే షాపు ముందు ఎర్ర బండి వచ్చి ఆగింది. ఆమె దిగలేదు, ఇంజన్ ఆపలేదు.

అతను బయటికి తల పెట్టాడు. "ఏమైనా ప్రాబ్లమా అండీ?"

"ఏం లేదు. నీలం కోసం."

"మీ నాన్నగారు కిటికీ కింద కదా నిలబడింది? నా షాపుకి కిటికీ లేదు."

"షట్టర్ ఉందిగా."

అతను చేతులకున్న నురగ మర్చిపోయి వానలోకి వచ్చేశాడు. పైపు దగ్గర వంగి చూశాడు. చినుకులు పడి చిటపటమంటున్నాయి తప్ప, అది నిన్నటిలాగే తెల్లగా మెరుస్తోంది.

"ఇంత వానలో రాదండీ. పైపు చల్లారిపోతుంటుంది."

"ఆ మాత్రం నాకూ తెలుసు. వానలో బయల్దేరింది అందుకే." ఆమె కళ్లజోడు మీద చినుకులు నిండాయి. తుడుచుకోలేదు. "నీలం తొందరగా వచ్చేస్తే రేపు ఏం చెప్పి రావాలి? నాకు నువ్వు నచ్చావు తళతళా. మా నాన్నలా అబద్ధాలు ఆడటం నాకు చేతకాదు."

అతనికి గుండె ఇంజన్ కన్నా గట్టిగా కొట్టుకుంది.

"నాకైతే మొన్న ఆ గుడ్డని నాలుగు మడతలు వేసినప్పుడే నచ్చేశావు," అన్నాడు.

ఆమె సీటు మీద కాస్త ముందుకి జరిగింది. అతను నురగ చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెనక ఎక్కాడు. నురగతో నిలబడ్డ బండి ఎవరిదో గానీ, ఆ పూట దాన్ని వానే కడిగింది.

"ఒక్కటి గుర్తుపెట్టుకో," అంది గేరు వేస్తూ. "నీలం ఎప్పుడొచ్చినా, దాన్ని తుడవకు."

"తుడవను," అన్నాడు. మలుపు వచ్చింది. ఆమె రెండో గేరులోకి దించి, చక్కగా తిరిగింది.