పొట్టి తీగలు పూసే ముందు

"మీ తీగకి బుద్ధి లేదా?"

గోడ మీంచి నేను విన్న మొదటి మాట అది. టీ తాగుతున్నవాణ్ణి తలెత్తి చూశాను. పక్కింటి అమ్మాయి. తలకి పూల రుమాలు, ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో మా అమ్మ సొరతీగ కొస.

"తీగకి బుద్ధెందుకండీ, కాయలు కాస్తే చాలదూ?" అన్నాను.

"మా గోడెక్కి మా పెరట్లోకి దిగుతోంది. కోసెయ్యనా?"

"కొయ్యండి. కానీ మా అమ్మ చూసిందంటే మిమ్మల్ని కోస్తుంది."

నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం నాకు కనిపించింది. ఇంకేముంది, నా పని అయిపోయింది.

మేం ఆ ఇంట్లోకి దిగింది అంతకుముందు చలికాలమే. మర్గిలాన్ అనే ఆ ఊరి బజారులో నాది ఫోన్లు బాగుచేసే కొట్టు. మా అమ్మకి నీళ్ళబుర్రలు చేసే నీటి సొర అంటే ప్రాణం. కుండంత కాయలు, పది బారల తీగ, వాకిలంతా పందిరి. పక్కింట్లో ఎర్మత్ తాత, ఆయన మనవరాలు జుల్హుమోర్. తాత పొగాకు పొడుం దాచుకునే బుర్రలు చేస్తాడు. పిడికెడంత సొరకాయని ఎండబెట్టి, నూనె పట్టించి, మూతికి కుచ్చు కడితే అది ఊళ్ళో ముసలాళ్ళ జేబుల్లోకి చేరుతుంది.

ఆ చిట్టికాయల విత్తనం వాళ్ళింట్లో మూడు తరాలది. చలికాలంలో ఎలుకలు జాడీ ఖాళీ చేస్తే తొమ్మిది గింజలు మిగిలాయట. మొలిచినవి ఆరు.

"ఇవి కూడా పోతే తాత కొట్టు మూసేస్తానంటున్నాడు," అంది జుల్హుమోర్ ఒకరోజు.

"బజార్లో విత్తనాలకి కరువా?"

"ఆ కాయలకి నడుముండదు. ఆరు నెలలకి చిట్లిపోతాయి. అలాంటివి మా తాత చేతికిచ్చి ఆయన్ని చంపమంటారా?"

మా తీగ రోజుకి జానెడు పాకుతోంది. వాళ్ళవి మోకాలెత్తు దగ్గరే ఆగిపోయాయి.

"మీ తీగలకి తిండి పెడుతున్నారా లేదా?" అని ఏడిపించాను.

"వాటి ఒళ్ళే అంత. మీరు సొరకాయలు కోయడం ఆపి కొట్టుకెళ్ళండి."

కొట్టుకైతే వెళ్ళాను గానీ మనసంతా ఆ ఆరు తీగల మీదే. పాపం, ఎండిపోయి ఉన్నాయి. మా వీధిలో కాలువ నీళ్ళు వంతులవారీగా వస్తాయి. మా వంతు మంగళవారం, శుక్రవారం తెల్లవారుజామున. అమ్మ లేవకముందే వెళ్ళి, గోడ కింద తూము తెరిచి, మా నీళ్ళలో సగం అటు మళ్ళించాను. మూడు వారాలు అలాగే చేశాను. ఇంత గొప్ప ప్రేమికుడు మర్గిలాన్‌లో ఇంకొకడుండడని నా నమ్మకం.

తీగలు విసనకర్రలంత ఆకులు వేశాయి. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. జుల్హుమోర్ వాటి దగ్గర గొంతుక్కూర్చుని ఉంది, కళ్ళల్లో నీళ్ళు.

"నేను చుక్క నీళ్ళు పెట్టలేదు. ఎందుకిలా ఒళ్ళు చేశాయో తెలియడం లేదు."

గర్వంగా నోరు తెరవబోయాను. నా అదృష్టం కొద్దీ అప్పుడే అమ్మ కేక పెట్టింది.

"ఒరేయ్ సంజర్! మన వంతు నీళ్ళు సగం ఎక్కడ తగలడుతున్నాయిరా?"

జుల్హుమోర్ తూము వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"మీరా?"

"బక్కగా ఉన్నాయని..."

"బక్కవి కావు, పొట్టివి! దాహంతో ఉంచితేనే పెందరాళే పూస్తాయి. జూన్లో ఇవి పూసి కాయలు కట్టేశాకే జూలైలో మీ పెద్దవి పూస్తాయి. రెండూ ఎదురుపడవు. ఇప్పుడు రెండూ కలిసి పూస్తాయి. మీ పుప్పొడి మా పువ్వు మీద పడితే గింజ కలిసిపోతుంది. ఇక మా విత్తనమే ఉండదు!"

నాలుగు రోజులు ఆమె గోడ దగ్గరికి రాలేదు. నాకు అన్నం సయించలేదు. అయిదోరోజు వీధి గుమ్మంలోంచి వెళ్ళి తాతకి అంతా చెప్పేశాను.

తాత గడ్డం నిమురుకున్నాడు. "తప్పు ఒప్పుకోడానికి వచ్చావా, మా పిల్లని చూడ్డానికి వచ్చావా?"

"రెండింటికీ, తాతా."

"అయితే దారం పట్టుకో."

జూలైలో రెండు రకాలూ కలిసే పూశాయి. సొరపువ్వు సందెవేళ విచ్చుకుంటుంది, వెంటనే పురుగులు వాలతాయి. అవి వాలకముందే మగపువ్వు తెంపి ఆడపువ్వుకి అద్ది, రేకులు మూసి దారం కట్టాలి. ఆమె అద్దేది, నేను కట్టేవాణ్ణి.

"అంత బిగించకు, ఊపిరాడదు."

'మీరు' ఎప్పుడు పోయిందో ఇద్దరం గమనించలేదు.

"నాకూ ఆడటం లేదు," అన్నాను.

"మాటలు తగ్గించి ముళ్ళు వెయ్యి."

వారం గడిచింది. జూలైలో ఎన్నడూ రాని వాన ఒక సాయంత్రం ధారగా కురిసింది. దారాలు జారిపోయాయి, రేకులు విచ్చుకున్నాయి. ఏ పువ్వు మీద ఏ పురుగు వాలిందో తెలియదు. అన్నీ తెంపెయ్యాల్సిందే. తడుస్తూ తెంపాం. ఒక్కో పువ్వు తెంపుతూ ఆమె ఏడ్చింది. వానలో తెలియదనుకుంది.

పొద్దున్నే లేచి చూస్తే మా పందిరంతా వాడి వేలాడుతోంది. మొదలు దగ్గర కోసేసి ఉంది. నా ఒళ్ళు మండిపోయింది. గోడెక్కాను.

"కోపముంటే నా మీద తీర్చుకోవచ్చుగా! మా అమ్మ తీగేం చేసింది నిన్ను?"

ఆమె ముఖం తెల్లబోయింది. "నేనా?"

"నేనురా గాడిదా," అంది వెనకనుంచి అమ్మ, చేతిలో కొడవలితో. "నిన్న వానలో మీ ఇద్దర్నీ చూశాను. ఆ పిల్ల ఏడుపూ చూశాను. నా దగ్గర జాడీ నిండా విత్తనాలున్నాయి, వాళ్ళకి ఈ ఆరే ఉన్నాయి. నా తీగ లేకపోతే ఇక పూసే పువ్వుల్లో గింజ కలవదు. నీడ లేకపోతే ఒక ఎండాకాలం మాడతాను, అంతేగా. ముందు ఆ పిల్లకి క్షమాపణ చెప్పు."

"క్షమించు, నువ్వంటే నాకు చాలా ఇష్టం," అన్నాను ఒక్క ఊపిరిలో.

"రెండూ కలిపి చెబితే దేనికని జవాబివ్వాలి?"

"మొదటిదానికే ఇవ్వు."

"క్షమించలేదు."

"మరి రెండోదానికి?"

గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అక్టోబరులో అమ్మ కొత్త గుడ్డలో రెండు రొట్టెలు కట్టుకుని సంబంధం అడగడానికి వెళ్ళింది. పిల్లనిచ్చేవాళ్ళు రొట్టె విరిస్తే మాట ఖాయమైనట్టు. తాత రొట్టెని ముట్టుకోలేదు.

"కాయలు ముప్పై నిలిచాయమ్మా. కానీ గింజ కలిసిందో లేదో కాయ చెప్పదు. వచ్చే ఏడాది తీగ చెబుతుంది. నా ఇంటి విత్తనం నిలిచిందని చూశాకే నా ఇంటి పిల్ల గడప దాటుతుంది."

ఆ చలికాలం అంత పొడుగు చలికాలం నేనెరగను. వసంతంలో ఇరవై పాదులు పెట్టారు. అమ్మ ఆ ఏడాది తన గింజ ఒక్కటీ నాటలేదు. నేను రోజూ కొలతాడు పట్టుకుని గోడ మీదే ఉన్నాను.

"ఇవాళ పెరిగిందా?" అని అడిగేది అమ్మ.

"పెరిగిందే!"

"అయ్యో దేవుడా, ఎంత?"

పెరిగిందంటే ఇంతగా భయపడే వాళ్ళు ఊళ్ళో మేమిద్దరమే.

జూన్ మొదటివారానికి ఇరవై తీగలూ మోకాలెత్తు దగ్గర ఆగిపోయాయి. పూశాయి. ఒకరోజు పొద్దున జుల్హుమోర్ కేక విని గోడ దూకేశాను. తీగ కింద బొటనవేలంత కాయ, దానికి సన్నటి నడుము.

తాత కళ్ళజోడు పెట్టుకుని ఇరవై పాదులూ వంగి వంగి చూశాడు. కళ్ళజోడు తీసేశాడు. ముఖం తుడుచుకుని, "రొట్టె తేవమ్మా," అన్నాడు అమ్మతో.

అమ్మ పరుగున తెచ్చింది. తాత రొట్టెని అటూ ఇటూ తిప్పుతున్నాడే గానీ విరవడం లేదు. జుల్హుమోర్ ఆయన చేతిలోంచి లాక్కుని ఫెళ్ళున విరిచింది.

"అయ్యయ్యో, పెద్దవాళ్ళు విరవాలే పిల్లా!" అంది అమ్మ.

"ఏడాది ఆగానత్తా, ఇంకా ఆగమంటారా?" అని, పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది.