ఒంటి వేడి ఫ్లాస్కు

సైంటిస్టును అతని ల్యాబ్ గుమ్మంలోనే కాల్చేశారు. సైలెన్సర్ పిస్టల్. ఒకటే బుల్లెట్.

అంత్యక్రియలు అయ్యాక చీఫ్ ఏజెంటును పిలిపించాడు. ఇంక్యుబేటర్‌లో సైంటిస్టు వదిలివెళ్లిన ఫ్లాస్కు ఒకటి ఉందనీ, విదేశీ ముఠా దానికోసమే రేవులో ఓడ ఆపుకుని కాచుకుని ఉందనీ చెప్పాడు. సైంటిస్టు భార్య మన మనిషే, కోడ్‌నేమ్ సిల్క్, కావాలంటే ఆమె సాయం తీసుకోమన్నాడు.

ఏజెంటు ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌కు వెళ్లాడు. తలుపు తీసింది సైంటిస్టు చెల్లెలు, అన్నతో కలిసి పనిచేసిన డాక్టరు. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయాయి.

“లోపల వేడి ఎంత?” చీఫ్ చెప్పి పంపిన కోడ్‌వర్డ్ అడిగింది.

“ఒంటి వేడంత.”

ఆమె అతన్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. ఆడవాళ్ల ఒంట్లోకి వెళ్లిన శుక్రకణాల్లో చాలామటుకు ఆమ్లానికే చస్తాయి. మిగిలినవాటిని తెల్లకణాలు వెంటాడి మింగుతాయి. కోట్లలో బయల్దేరితే అండవాహికకు చేరేవి కొన్నే. అవి దాని గోడకు తలలు ఆనించి, అండం వచ్చేదాకా రోజుల తరబడి ప్రాణం నిలుపుకుంటాయి. ఆ గోడ కణాల్ని ఫ్లాస్కులో పెంచి, అవి శుక్రకణాలకు ఏమిచ్చి బతికిస్తాయో అన్న కనిపెట్టాడు. ఆ కిటుకు తిరగేస్తే అదే గోడ వాటిని చంపేస్తుంది. అలా చంపే మందు తాగే నీళ్లలో కలిపితే ఊరికి ఊరే గొడ్డుపోతుంది.

ఏజెంటు లెన్సులోకి చూశాడు. సన్నటి తోకలు మెల్లగా ఆడుతున్నాయి.

“ఎవరివి ఇవి?”

“మా అన్నయ్యవే. పొద్దున ఫ్లాస్కులోంచి తీశాను,” అంది. “వాడు పోయినా ఇవి పోలేదు. రోజూ చూసుకుంటున్నాను.”

తను చంపినవాళ్ల ముఖాలు ఏజెంటుకు నిద్రలో కనిపించడం మామూలే. పోయిన మనిషి తాలూకు కదలిక కళ్లారా చూడటం మాత్రం ఇదే మొదలు.

ఇంక్యుబేటర్ తెరిస్తే ఫ్లాస్కు లేదు. తాళం చెక్కుచెదరలేదు. రెండో తాళంచెవి వదిన దగ్గరుందని చెల్లెలు గొణిగింది.

ఏజెంటు రేవుకు పరుగెత్తాడు. వేడిని పసిగట్టే కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఫ్లాస్కు చల్లబడితే పనికిరాదు, వెచ్చటి పెట్టె ఎక్కడున్నా ఎర్రగా కనిపించాలి. ఎక్కడా లేదు. ఓడ మెట్ల దగ్గర పొడుగు కోటులో సిల్క్ నిలబడి ఉంది. మనిషి అందం చెక్కుచెదరలేదు, చేతులు మాత్రం ఖాళీ. అప్పుడు తట్టింది అతనికి. ఫ్లాస్కును ఒంటికే కట్టుకుంది. ఒంటి వేడిలో అది కలిసిపోయింది.

ఆమె పిస్టల్ తీసింది. ముఠా మనిషి మెట్లు దిగి వస్తున్నాడు.

“అందులో ఉన్నవి మీ ఆయనవి,” అన్నాడు ఏజెంటు. “ఇంకా బతికే ఉన్నాయి. చూసే వస్తున్నా.”

ఆమె ఖాళీ చెయ్యి కడుపుకు కట్టుకున్న ఫ్లాస్కు మీదికి పోయింది. ఓడ సైరన్ మోగింది. ముఠా మనిషి ఆమె కోటు లాగి ఫ్లాస్కు పెరికాడు. ఆమె అతన్నే కాల్చింది. నేల తాకబోతున్న ఫ్లాస్కును ఏజెంటు దూకి పట్టుకున్నాడు.

ఆమె పిస్టల్ అతనికి ఇచ్చేసింది. “ఆయన్ని వాళ్లకి చూపించింది నేనే,” అంది. “మంచం మీద ఆయన పక్క ఇంకా వెచ్చగానే ఉంటోంది. పడుకోలేకపోతున్నా.”

సాయంత్రం రిపోర్టు విన్న చీఫ్, సైంటిస్టు కణాలు నిజంగానే బతికున్నాయా అని అడిగాడు.

“ఉన్నాయి సార్. ఇప్పటికీ ఆడకణాల్నే నమ్ముకుని,” అన్నాడు ఏజెంటు. “అనుభవమయ్యాక కూడా బుద్ధి రాలేదు.”