సొంతూరు అనే గడి

పొద్దున ఏడింటికి నర్సింహమ్మ టీ తెచ్చింది. ఒక్క కప్పే. చిక్కడపల్లిలోని ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఆమె రెండు కప్పులు పోసి, రెండోది వంటింటి గడప మీద కూర్చుని తాగుతూ బస్తీ సంగతులన్నీ చెప్పేది. భార్య జయశ్రీ పోయాక కిషన్ రావుకు ఇంట్లో వినబడే గొంతు అదొక్కటే.

"నీ టీ ఏది?"

"వద్దు సారు. నెలాఖరుకు పాలమూరు పోతున్న. వేరే మనిషిని చూస్కోండ్రి."

"ఏమైంది?"

"సర్కారు ఇల్లు రాలే. ఉన్న కిరాయి గది కూలగొడుతున్నరు. ఇంకేడ ఉండాలె?"

కిషన్ రావు పేపరు చాటుకు తప్పుకున్నాడు. బస్తీ పక్కన సర్కారు కట్టిన ఇళ్లు స్థానికులకే ఇవ్వాలని వార్డు కమిటీలో తీర్మానం రాసింది అతనే. దరఖాస్తులో 'సొంతూరు' అనే గడి పెట్టించిందీ అతనే. ఇళ్లు నలభై, అడిగేవాళ్లు ఆరువందలు. కిరాణా దుకాణం నడిపే మనిషి. జల్లెడ పట్టకుండా సరుకు తేలదని అతని లెక్క. పైవాళ్లు ఆ తీర్మానాన్నే నిబంధన చేశారు.

తొమ్మిదింటికి కూతురు మాధురి వచ్చింది. ఆమె వకీలు. ఉండేది నారాయణగూడలోనే అయినా పని ఉంటేనే వస్తుంది.

"నాన్నా, మీ నిబంధన మీద హైకోర్టుల రిట్ వేస్తున్న. నర్సింహమ్మ తరఫున."

"నా మీదనే కేసా? బాగుంది బిడ్డా! ఇక్కడోళ్లకు ముందు ఇస్తే తప్పేంది?"

"ఇన్నేండ్ల నుంచి ఇక్కడ ఉంటున్నోళ్లకు ముందు అంటే నిలబడునేమో. నువ్వు సొంతూరు అడిగినవ్. దేశంల ఎవరైనా ఎక్కడైనా స్థిరపడొచ్చని రాజ్యాంగంల ఉంది. పుట్టిన ఊరు చూసి సర్కారు మనుషులను వేరు చేయొద్దని కూడా ఉంది."

"రాజ్యాంగం నలభై ఇండ్లను ఆరువందలు చేస్తదా?"

"చేయదు. అందరికీ ఒకటే తూకం పెట్టమంటది. తూకం సంగతి నీకు నేను చెప్పాల్నా?"

"ఆమె ఫారం నేనే నింపిన. మీది ఏ ఊరంటే పాలమూరన్నది. నేనేమన్న కల్పించిన్నా?"

మాధురి ఖాళీ దరఖాస్తు ఒకటి అతని ముందు పెట్టింది. "జర నీది నింపు."

నవ్వుతూ కలం తీశాడు. పేరు. వయసు అరవై ఐదు. సొంతూరు: సిద్దిపేట.

రాసేశాకే చూసుకున్నాడు. అది తాత వదిలొచ్చిన ఊరు. తను పుట్టింది ఈ గల్లీలోనే. సిద్దిపేటలో ఒక్క రాత్రీ పడుకోలేదు. అయినా ఎవరడిగినా నోట వచ్చేది అదే.

"ఈ కాగితం పక్కకు పెట్టాల్నా నాన్నా?"

అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఈమె ఇరవై రెండేండ్ల నుంచి ఇక్కడే ఉంటున్నదని రాయి. సాక్షి సంతకం నాది. కమిటీల కూడా నేనే చెప్త, నా రాత తప్పని."

నర్సింహమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "పాలమూరని చెప్పుడు తప్పయిందా సారు?"

"చెప్పుడు కాదమ్మా. అడుగుడే తప్పు."

మాధురి కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది. కోర్టు ఏమంటుందో తెలియదు; నెలాఖరుకు పన్నెండు రోజులున్నాయి. లోపల రెండో కప్పు చప్పుడైంది. కిషన్ రావు ఆమె కోసం కుర్చీ జరిపాడు. ఆమె గడప మీదే కూర్చుంది. అతను పేపరు మడిచి, బస్తీ సంగతులు మొదలవుతాయేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.