ఎర్ర గీత దాకా

పెదవేగిలో పామాయిల్ మొక్కల నర్సరీ అది. షేడ్‌నెట్ కింద మంచులా నీళ్లు చిమ్మే పైపులున్నాయి. ఆ పైపుల్లో ఎక్కడో లీకుందని ఓనరు నాగరత్నంగారు ఫోన్ చేస్తే, మే నెల ఎండలో ఏలూరు నుంచి బండేసుకుని వెళ్లాను.

"రాజరత్నంగారూ, పొద్దున్న ట్యాంకు నింపితే మధ్యాహ్నానికి ఖాళీ అయిపోతోందండీ. కింద చూస్తే తడి లేదు," అందావిడ.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు కదండీ. తడవకుండా ఎక్కడికి పోతుందిలెండి!" అన్నాను. ముప్పయ్యేళ్లుగా ఫిట్టర్ని, లీకు నాకు దొరక్కపోవడమేమిటి?

ఆవిడా, కూలీలూ భోజనాలకి వెళ్లారు. నేనొక్కణ్ణే మిగిలాను. నాకలవాటే. మా ఆవిడ పెర్సిస్ పోయి ఏడాదిన్నర, ఇంట్లోనూ ఒక్కణ్ణే. జబ్బు పడక ముందు తనిక్కడే మొక్కలకి నీళ్లు పెట్టేది.

నీళ్లు చిమ్మే నాజిళ్లన్నీ మూసేసి, మోటారు వేసి, పైపు నిండాక మోటారాపి వాల్వు కట్టేశాను. ప్రెషరు గేజి ముల్లు కదలకపోతే లీకు లేనట్టే. ముల్లు దిగుతోంది. ప్రతి జాయింటుకీ పాత పేపరు ముక్క చుట్టి చూశాను. ఒక్కటీ తడవలేదు.

చివరికి స్క్రూడ్రైవరు మొన పైపుకి ఆనించి, దాని పిడికి చెవి పెట్టాను. లీకైతే సుయ్‌మంటుంది.

సుయ్‌మనలేదు.

గుటక... మళ్లీ గుటక... ఎవరో ఆబగా తాగుతున్నారు. ఊపిరికోసం ఆగి, మళ్లీ...

ఆ గుటకలు నాకు తెలుసు.

పెర్సిస్‌కి కిడ్నీలు పాడయ్యాయి. రోజుకి అరలీటరు నీళ్లే ఇమ్మన్నారు డాక్టరు. తన స్టీలు గ్లాసుకి గోళ్లరంగుతో ఎర్ర గీత గీసి, కొలిచి పోసేవాణ్ణి. నేను లేనప్పుడు తాగేస్తుందని వంటింటి కుళాయి పిడి ఊడదీసి, జేబులో వేసుకుని పనికెళ్లేవాణ్ణి. బతికించుకోవాలనేనండీ... ఆఖరి రోజూ అంతే. నేనొచ్చేసరికి కుళాయి కింద పడుంది, నోరు తెరుచుకుని. సమాధి చేసి వచ్చాక పిడి బిగించాను. గ్లాసు చూడలేక అటక మీద పడేశాను.

పైపులో గుటకలు ఆగాయి.

"ఏవండీ..."

చెవి ఇంకా గట్టిగా అదిమాను.

"తిప్పండి..."

"డాక్టరు వద్దన్నారు, పెర్సీ," అనేశాను. పాడు నోరు! ఇప్పుడు కూడా అదే మాట! ఏడుపు తన్నుకొచ్చింది. మోటారు వేసి, వాల్వు మొత్తం తిప్పేశాను. "తాగమ్మా. ఎంత కావాలంటే అంత తాగు."

పావుగంటలో ట్యాంకు ఖాళీ అయింది. నేల మీద చుక్క లేదు.

సామాన్లు కూడా సర్దుకోకుండా బండెక్కి వచ్చేశాను. దారి పొడవునా దాహం. నాలుక పిడచకట్టుకుపోయింది. ఇంటి తాళం తీసి నేరుగా వంటింట్లోకి పరిగెత్తాను.

కుళాయికి పిడి లేదు.

జేబులు తడుముకున్నాను. లేదు.

గట్టు మీద పెర్సిస్ గ్లాసుంది. అందులో నీళ్లు... సరిగ్గా ఎర్ర గీత దాకా.

తాగాను. దాహం తీరలేదు.

అప్పుడు వినిపించింది. వీధి తలుపు దగ్గరగా వేసి, గొళ్లెం పెట్టిన చప్పుడు... బయట నుంచి. అప్పట్లో పెర్సిస్‌ని లోపల ఉంచి, రోజూ పనికెళ్తూ నేను పెట్టినట్టే.