ఆరనివ్వకూడని చుక్క

తార్నాక నుంచి యూనివర్సిటీ దాకా ఏ పాత గోడ చూసినా పాచే. మనకది మురికి, మైక్రోస్కోపు పిచ్చోళ్ళకి మాత్రం బంగారం. ఆదివారం మధ్యాహ్నం క్యాంపస్‌లోని ఓ పాత స్టోర్ రూములో చేరేవాళ్ళు. గాజు స్లైడు మీద ఎండిన పాచి పెట్టి, ఫిల్లరుతో ఓ నీటి చుక్క వేసి, అరగంట ముచ్చట్లు పెట్టుకుని, అప్పుడు గొట్టంలోకి చూసేవాళ్ళు. ఆ పాచిలో నీటి ఎలుగుబంటి అనే జీవి ఉంటుందట. ఎనిమిది కాళ్ళట, ఇసుక రేణువంత కూడా ఉండదట. ఏళ్ళ తరబడి చచ్చినట్టు ఎండిపోయి పడుండి, తడి తగలగానే లేచి నడుస్తుందట. వింటేనే నాకు ఒళ్ళు పులకరించింది, ఇక చూసేవాళ్ళ సంగతి చెప్పాలా!

వాళ్ళకో కట్టుబాటుంది. పాచి పొట్లం తెచ్చినవాళ్ళే చుక్క వేయాలి. వేసినవాళ్ళు ఆ పాచిని మళ్ళీ గోడకి చేర్చేదాకా తడి ఆరనివ్వకూడదు. లేపినదాన్ని మళ్ళీ చంపడం పాపమని, ల్యాబ్ అటెండరుగా రిటైరైన మొగిలి పెట్టిన రూలు అది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సుల్లేవు, కరెంటు లేదు. ఆ ఆదివారం వచ్చింది ముగ్గురే. మొగిలి, మల్కాజ్‌గిరి నుంచి నడిచొచ్చిన ట్యూషన్ టీచర్ నిరోష, లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి సామ్యేలు.

సామ్యేలు వస్తాడని ఎవరూ అనుకోలేదు. కొడుకు జోయెల్ పోయి ఏడు నెలలు. ఆ గుంపులో అందరికంటే హుషారైనవాడు జోయెల్. వీళ్ళది గుంటూరు వైపు. తోటి పిల్లలు ఆంధ్రోడా అని ఆటపట్టిస్తే, లాలాగూడలో పుట్టినోణ్ణి ఎక్కడికి పొమ్మంటార్రా అని నవ్వి, వాళ్ళతోనే ర్యాలీకి పోయేవాడు. ఓ బంద్ రోజున పాచి కోసం గోడెక్కాడు. పోలీసుల టియర్ గ్యాస్ పొగకి తట్టుకోలేక జనం అటే ఉరికొచ్చారు. ఆ తోపులాటలో గోడ మీంచి పడ్డాడు. తలకి దెబ్బ. ఆసుపత్రివాళ్ళు తిరిగిచ్చిన అతని చొక్కా జేబులో ఆ పాచి పొట్లం ఉంది.

ఆనాటి నుంచి సామ్యేలు ఏడవలేదు. వేడి టీ చేతి మీద ఒలికితే, ఆ చెయ్యి వేరెవరిదో అన్నట్టు చూసేవాడు.

పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. కాగితం అంచులు నెత్తురు ఎండి గోధుమరంగుకి తిరిగాయి.

"గా పొట్లం వద్దు సామ్యేలన్నా. ఇంట్లనే ఉంచుకో," అన్నాడు మొగిలి.

"చూద్దామనే ఈ పాచి కోసుకున్నాడు మొగిలీ. చూడకుండానే పోయాడు."

చుక్క వేశాడు.

అరగంట ఆగారు. దూరంగా నినాదాలు. కిటికీలోంచి కళ్ళు మండించే పొగ వాసన. దాని వెనకే తడి పాచి వాసన, తుప్పు వాసన.

మైక్రోస్కోపు అద్దాన్ని ఎండకి తిప్పి సామ్యేలు గొట్టంలోకి చూశాడు. ఎలుగుబంట్లు లేవు. ఎర్రటి గుండ్రటి బిళ్ళలు వరసగా కదిలాయి. ఆగాయి. కదిలాయి. ఆగాయి...

నిరోష చూసి గొంతు మీద చెయ్యేసుకుంది. "అంకుల్... ఇది కొట్టుకుంటోంది."

మొగిలి చూశాడు. కప్ప కాలి చర్మంలో నెత్తురు పారడం ముప్పై ఏళ్ళు పిల్లలకి చూపించినవాడు. నరం లేకుండా నెత్తురెట్ల పారుతదని గొణిగాడు. అదీ మామూలుగా కాదు, పరిగెత్తేవాడి గుండె కొట్టుకున్నంత జోరుగా.

కాసేపటికి చుక్క అంచులు ఆరసాగాయి. బిళ్ళలు నెమ్మదించాయి. సామ్యేలు ఇంకో చుక్క వేశాడు. మళ్ళీ జోరందుకున్నాయి. అతని వేళ్ళకి తిమ్మిరెక్కింది. మూడో చుక్కకి మణికట్టు దాకా. నాలుగో చుక్కకి మోచేతి దాకా. ఆ సంగతి బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. నిరోష వచ్చేయమని బతిమాలింది, రెక్క పట్టి లాగింది, చివరికి ఎవరినైనా పిలుచుకొస్తానని చెప్పుల్లేకుండానే బయటికి పరిగెత్తింది.

"ఆరనియ్యి అన్నా," మొగిలి గొంతు తగ్గించి అన్నాడు. "రూలు పెట్టింది నేనే. తీసేస్తున్న. ఆరనియ్యి."

"ఆరితే వాడు మళ్ళీ పోతాడు."

ఐదో చుక్క. ఆరో చుక్క...

ఫిల్లరు లాక్కుందామని మొగిలి అతని మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని ఆగాడు. వేళ్ళు జరిపి నాడి కోసం వెతికాడు. మెడ కింద వెతికాడు. చెవి పక్కన వెతికాడు. మెల్లగా వదిలేశాడు.

కిటికీలో ఎండ పోయింది. అద్దం నల్లబడింది. సామ్యేలు మాత్రం చూస్తూనే ఉన్నాడు.

"నెమ్మదించాడు," అన్నాడు. "ఆయాసం తగ్గింది. ఇంకో చుక్క... ఆ నీళ్ళ సీసా ఇలా ఇవ్వు."

సీసా అందకుండా జరపబోయి మొగిలి చెయ్యి స్లైడుకి తగిలింది.

సామ్యేలు ఒళ్ళు ఐసు గడ్డలా ఉంది. ఆ గాజు ముక్క మాత్రం, జ్వరం దిగుతున్న పిల్లోడి నుదురులా, గోరువెచ్చగా చెమర్చి ఉంది...